చిన్న బృందంతో యాట్ యాత్ర: గ్రీస్, క్రొయేషియా, విట్‌సండేస్, ఫుకెట్, వర్జిన్ దీవుల్లో ఏది ఎవరికి?

సెయిలింగ్ కోర్సు పూర్తయింది. లేదంటే హుస్సేన్ సాగర్‌లో డింగీ (చిన్న తెరచాప పడవ) నడపడం వచ్చేసింది. ఇక నలుగురు కలిసి 40 అడుగుల యాట్ ఒక వారం అద్దెకి తీసుకుని, తీరం వెంబడి దీవి నుంచి దీవికి తిరగాలని మనసు లాగుతోంది. ఎక్కడికి వెళ్లాలా అని నెట్‌లో వెతికితే అన్ని ఫోటోల్లోనూ అవే నీలి నీళ్లు, అదే తెల్ల తెరచాప. చాలామంది ధర చూసి, ఫోటో చూసి బుక్ చేసేస్తారు. నేనైతే ముందు బోటు ఎక్కే మనుషుల్ని లెక్కపెట్టమంటాను. వాళ్లలో ఎంతమందికి పని వచ్చో తేలితే ఏ తీరానికి వెళ్లాలన్నది సగం తేలిపోయినట్టే.

మన తీరంలోనే ఎందుకు తిరగకూడదని చాలామంది అడుగుతారు. ఆంధ్ర తీరం పొడవైనదే కానీ బంగాళాఖాతానికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం లాంటి ఓడరేవుల మధ్య చిన్న బోటు రాత్రి తలదాచుకోవడానికి దీవుల చాటు దాదాపు లేదు. గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర ఇసుక మేటలు. మనవాళ్లకి సత్తా లేదని మాత్రం ఎవరూ అనలేరు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చిన నౌకాదళ బోటు తారిణిలో ఉన్నది ఆరుగురే. అందులో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి ఇద్దరూ ఉన్నారు. అయితే సరదాగా వారం రోజులు కుటుంబంతోనో స్నేహితులతోనో తిరగాలంటే దగ్గర దగ్గరగా దీవులు, సాయంత్రానికి చాటు దొరికే నీళ్లు కావాలి.

ముందు ఏం చూడాలి?

అన్నిటికంటే ముఖ్యమైనది సాయంత్రం బోటు ఎలా ఆపుతాం అన్నది. తెరచాప ఎత్తి నడపడానికి ఇద్దరు చాలు. ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు తాళ్లు చూసుకుంటారు. సాయంత్రం ఆపేటప్పుడే మనుషులు సరిపోక కేకలు మొదలవుతాయి. ఆపే పద్ధతులు మూడు. ఖాళీ నీళ్లలో లంగరు వేయొచ్చు. ముందే అడుగున బిగించి పైకి తేలేలా పెట్టిన మూరింగ్ బోయ్‌ని పట్టుకోవచ్చు. లేదా గట్టుకి వెనక్కి వెళ్లి కట్టుకోవచ్చు. బోయ్ పట్టుకోవడానికి చుక్కాని దగ్గర ఒకరు, ముందుభాగంలో కొక్కెం కర్రతో ఒకరు ఉంటే సరిపోతుంది. గట్టుకి వెనక్కి కట్టడానికి నలుగురూ కావాలి.

తర్వాత చూడాల్సింది గాలి. ఎంత బలంగా వీస్తుందన్న దానికంటే ఎంత నమ్మకంగా వీస్తుందన్నదే ముఖ్యం. రోజూ ఒకే దిక్కు నుంచి, ఒకే వేళకి వచ్చే గాలి 18 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కి.మీ.) ఉన్నా టెన్షన్ ఉండదు. 10 నాట్ల గాలే అయినా కొండ చాటు నుంచి ఒక్కసారిగా దిక్కు మారి తగిలితే కొత్తవాళ్లు కంగారు పడతారు.

మూడోది పోటు, పాటు. మధ్యధరా ప్రాంతంలో మీరు వెళ్లే నీళ్లలో దీన్ని దాదాపు మరచిపోవచ్చు. ఆస్ట్రేలియాలో, థాయ్‌లాండ్‌లో మరిస్తే మునుగుతారు. ఒక లెక్క చూడండి. పాటు సమయంలో 4 మీటర్ల లోతులో లంగరు వేశారు. నీటి నుంచి బోటు ముందుభాగం ఎత్తు 1 మీటరు. మొత్తానికి అయిదింతల గొలుసు వదలాలన్నది మామూలు లెక్క, అంటే 25 మీటర్లు. అర్ధరాత్రికి పోటు వచ్చి నీరు ఇంకో 3 మీటర్లు పెరిగితే మొత్తం 8 మీటర్లు అవుతుంది, కావాల్సింది 40 మీటర్లు. ఆ తేడా వల్లే లంగరు జారి, బోటు చీకట్లో పక్క బోటు మీదకో రీఫ్ (నీటి అడుగున ఉండే పగడపు, రాతి దిబ్బ) మీదకో పోతుంది.

దూరాలు, కాగితాలు, తిండి ఆ తర్వాత. వీసా దగ్గరే యాత్ర ఆగిపోయేవాళ్లకి మాత్రం కాగితాలే మొదటి విషయం.

| | అయోనియన్ (గ్రీస్) | డాల్మేషియా (క్రొయేషియా) | విట్‌సండేస్ (ఆస్ట్రేలియా) | ఫాంగ్ ఙా బే (ఫుకెట్) | బ్రిటిష్ వర్జిన్ దీవులు |
|---|---|---|---|---|---|
| మంచి కాలం | మే, జూన్, సెప్టెంబరు మొదట్లో | జూన్, సెప్టెంబరు | జూన్–అక్టోబరు | డిసెంబరు–మార్చి | జనవరి–మే |
| గాలి | మధ్యాహ్నం వాయవ్యం | వేసవిలో వాయవ్యం, మధ్యలో బూర, యూగో | ఆగ్నేయం, నిలకడగా, బలంగా | ఈశాన్యం, తేలికగా | తూర్పు, నిలకడగా |
| పోటు–పాటు | లేనట్టే | తక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ |
| సాయంత్రం ఆపడం | గట్టుకి వెనక్కి | మరీనా, బోయ్ | బోయ్, లంగరు | లంగరు | బోయ్ |
| లైసెన్స్ | కావాలి | కావాలి, రేడియో సర్టిఫికెట్ కూడా | అక్కర్లేదు | అనుభవం చూపాలి | అనుభవం చూపాలి |
| కనీసం ఎందరు | నలుగురు | ముగ్గురు | ఇద్దరు | ఇద్దరు | ఇద్దరు |

చివరి వరుస నా అంచనా, ఏ కంపెనీ నియమమూ కాదు.

అయోనియన్: పొద్దున హాయి, సాయంత్రం పరీక్ష

గ్రీస్ అనగానే అందరికీ సాంటోరిని గుర్తొస్తుంది. సాంటోరిని ఉన్నది ఈజియన్ సముద్రంలో. అక్కడ జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తర గాలి రోజుల తరబడి ఆగకుండా వీస్తుంది, 30 నాట్లు దాటడం మామూలే. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ వైపు వెళ్లొద్దు. పడమటి వైపు అయోనియన్‌లో లెఫ్కాడా, మెగనీసి, ఇథాకా, కెఫలోనియా దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చాలాసార్లు 5 నుంచి 12 నాటికల్ మైళ్లే. 40 అడుగుల బోటుకి రెండు మూడు గంటల ప్రయాణం.

ఇక్కడ రోజు ఎలా గడుస్తుందో ముందే చెప్పొచ్చు. పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. ఈత కొట్టి, టిఫిన్ తిని, తీరిగ్గా బయల్దేరొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి వాయవ్యం నుంచి గాలి లేస్తుంది, సాయంత్రానికి 15–20 నాట్లు అవుతుంది, పొద్దు గుంకాక పడిపోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గాలి బలంగా ఉన్న వేళకే మీరు ఫిస్కార్డో, కియోనీ లాంటి ఊళ్లలో గట్టుకి చేరతారు. గట్టుకి 40, 50 మీటర్ల దూరంలో ముందు లంగరు వదలాలి. గొలుసు వదులుతూనే బోటుని వెనక్కి నడపాలి. పక్కగాలి ముందుభాగాన్ని నెట్టేస్తూ ఉంటుంది, వెనక్కి వెళ్లే యాట్ నెమ్మదిగా ఉన్నంతసేపు చుక్కాని మాట వినదు. చుక్కాని దగ్గర ఒకరు, గొలుసు దగ్గర ఒకరు, వెనక రెండు మూలల్లో తాళ్లు పట్టుకుని ఇద్దరు. గట్టు మీద ఎవరో తాడు అందుకుంటారు, చాలాసార్లు పక్క బోటువాళ్లో హోటల్ యజమానో. పొద్దున లేచేసరికి ఎవరి గొలుసో మన గొలుసు మీద పడి ఉంటుంది, అది విప్పుకోవడం ఇంకో పని. ఇదంతా నేర్చుకోతగ్గ విద్యే, బలే తృప్తినిచ్చే విద్య. కానీ ఇద్దరే వెళితే మొదటి వారంలో ఇది భారమే. అలాంటివాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకే ఊరు చేరిపోవాలి. గాలి ఉండదు, చోటు కూడా దొరుకుతుంది.

ఇక్కడున్న గొప్ప సౌకర్యం ఫ్లొటిల్లా. పది పన్నెండు బోట్లు ఒక బృందంగా బయల్దేరతాయి. ముందు బోటులో అనుభవజ్ఞుడైన స్కిప్పర్ (బోటు నడిపే నాయకుడు), మెకానిక్ ఉంటారు. పొద్దున దారి చెబుతారు, సాయంత్రం గట్టు మీద నిలబడి తాడు అందుకుంటారు. మీ బోటుకి మీరే యజమాని, కానీ ఒంటరి కారు. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. కాలం సంగతి చూస్తే సెప్టెంబరు నెలాఖరుకి వెళ్లేవాళ్లు వాతావరణం మీద కన్నేసి ఉంచాలి. 2020 సెప్టెంబరులో ఇయానోస్ తుఫాను కెఫలోనియా, ఇథాకాలని గట్టిగా దెబ్బతీసింది.

డాల్మేషియా: వసతులకి మొదటి స్థానం, ఖర్చుకీ అంతే

స్ప్లిట్ లేదా ట్రోగిర్ నుంచి బయల్దేరి బ్రాచ్, హ్వార్, విస్ దీవులు చుట్టి రావడం ఇక్కడ అందరూ చేసే యాత్ర. రాతి ఊళ్లు అందంగా ఉంటాయి. విస్ దీవి యుగోస్లావియా సైనిక స్థావరంగా ఉండి 1989 వరకు విదేశీయులకి మూసి ఉండేది. అందుకే హ్వార్‌తో పోలిస్తే అక్కడ ఇప్పటికీ హడావుడి తక్కువ.

బోటు ఆపడం గ్రీస్ కంటే ఇక్కడ తేలిక. మరీనాలో (బోట్లు నిలిపే కట్టుడు రేవు) అడుగున ముందే బిగించిన తాడు ఉంటుంది, సిబ్బంది దాని కొసని చేతికి అందిస్తారు, లంగరు వేయాల్సిన పనే లేదు. దీవుల చాటున బోయ్‌లు ఉంటాయి. కొన్నిచోట్ల ఒడ్డున ఉన్న భోజనశాలలో తింటే బోయ్ ఉచితం. దీనికి వెల ఉంది. మరీనా అద్దె, బోయ్ రుసుము, నేషనల్ పార్క్ టికెట్ కలిపితే వారం చివర్లో వచ్చే మొత్తం గ్రీస్ కంటే బాగా ఎక్కువ. ఆగస్టులో అయితే మధ్యాహ్నానికే మంచి బోయ్‌లు నిండిపోతాయి.

గాలి విషయంలో రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. ఈశాన్యం నుంచి కొండల మీదుగా విరుచుకుపడే చల్లటి గాలి బూర. ఆగ్నేయం నుంచి మబ్బుల్ని, అలల్ని మోసుకొచ్చేది యూగో. వేసవిలో ఇవి తక్కువే గానీ రావని కాదు. బూర వస్తుందని ఫోర్‌కాస్ట్‌లో ఉంటే ఆ రోజు మరీనాలోనే ఉండిపోవాలి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లోకి (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు), యూరోలోకి వచ్చింది. కాబట్టి వీసా, కరెన్సీ రెండూ గ్రీస్‌లాగే. ఒక్క తేడా, బోటు మీద కనీసం ఒకరికి వీహెచ్‌ఎఫ్ (బోట్ల మధ్య మాట్లాడుకునే) రేడియో సర్టిఫికెట్ ఉండాలి.

విట్‌సండేస్: లైసెన్స్ అడగరు, జాగ్రత్త అడుగుతారు

క్వీన్స్‌లాండ్‌లోని ఎయిర్లీ బీచ్ ఎదురుగా 74 దీవులు. ఇక్కడ యాట్ అద్దెకి లైసెన్స్ అక్కర్లేదు. బ్రిస్బేన్, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్న తెలుగువాళ్లకి వీసా గొడవ కూడా లేదు. కంపెనీవాళ్లు కొన్ని గంటలు కూర్చోబెట్టి చార్ట్ (సముద్ర పటం) మీద ప్రతి బేని చూపిస్తారు, బోటు నడిపించి చూస్తారు. తర్వాత కూడా రోజూ రేడియోలో పలకరించి మీరెక్కడున్నారో, రాత్రి ఎక్కడ ఆగుతారో రాసుకుంటారు. చీకటి పడ్డాక నడపడానికి ఒప్పుకోరు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. లైసెన్స్ ముక్క ఉన్నా లేకపోయినా, కొత్తవాళ్లకి నిజంగా అక్కరకొచ్చేది రోజూ ఎవరో ఒకరు గమనిస్తూ ఉండడమే.

అలాగని నీళ్లు తేలికైనవి అనుకోకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలి 15–25 నాట్ల మధ్య రోజుల తరబడి వీస్తుంది. పోటు పాటుల తేడా మూడు మీటర్లు దాటుతుంది. దీవుల మధ్య ఇరుకు దారుల్లో నీరు ఏరులా పారుతుంది. హుక్ ప్యాసేజ్, సాల్వే ప్యాసేజ్‌లలో ప్రవాహం ఒకవైపు, గాలి దానికి ఎదురుగా ఉంటే అలలు నిటారుగా లేస్తాయి. కాబట్టి బయల్దేరే వేళ గడియారం చూసి కాదు, పోటు పాటుల (టైడ్) పట్టిక చూసి నిర్ణయించాలి. వైట్‌హేవెన్ బీచ్ ఇసుకని పైనుంచి చూడడానికి టంగ్ బేలో దిగాలన్నా అంతే, పాటు సమయంలో చిన్న పడవ ఒడ్డుకి చేరదు.

బోయ్‌లు చాలాచోట్ల ఉన్నాయి. ఎంత పొడవు బోటుకి ఏది పనికొస్తుందో రంగు పట్టీలతో తెలిసిపోతుంది. పగటిపూట ఎక్కువగా రెండు గంటల పరిమితి ఉంటుంది. గాలి ఎక్కువైన రాత్రి నారా ఇన్‌లెట్‌లోకి వెళ్లిపోండి. కొండల మధ్య సన్నగా లోపలికి చొచ్చుకుపోయిన నీటిపాయ అది. ఒడ్డున గుహలో ఆదివాసీ ఙారో ప్రజల పాత చిత్రాలు ఉన్నాయి.

ఈత గురించి గట్టిగా చెప్పాలి. సిడ్ హార్బర్ రాత్రి ఆగడానికి చక్కటి చోటు, కానీ 2018లో సొర దాడులు జరిగాక అక్కడ ఈత కొట్టొద్దని హెచ్చరికలు పెట్టారు. నవంబరు నుంచి మే వరకు విషపు జెల్లీఫిష్ కాలం, ఒళ్లంతా కప్పే సూట్ లేకుండా పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. తుఫానులు వచ్చేది కూడా ఆ నెలల్లోనే.

ఫాంగ్ ఙా బే: ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి దగ్గర

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి దూరం, ఖర్చు రెండూ ఇక్కడే తక్కువ. షెంగెన్ అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. థాయ్ ప్రవేశ నియమాలు మాత్రం మారుతుంటాయి, టికెట్ కొనేముందు చూసుకోండి. ఫుకెట్ తూర్పు వైపు ఉన్న ఈ అఖాతంలో సున్నపురాయి కొండలు నీళ్లలోంచి నిటారుగా లేస్తాయి. కోహ్ పనక్ లాంటి కొన్ని దీవుల లోపల పైకప్పు లేని గదుల్లాంటి ఖాళీలు ఉంటాయి, పోటు సరైన వేళకి గుహలోంచి కయాక్‌లో లోపలికి వెళ్లొచ్చు. నేను చూసిన వాటిలో ఇంత వింతైన చోటు ఇంకోటి లేదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య గాలి 10–15 నాట్లు ఉంటుంది. మార్చి దాటితే గాలి బాగా పడిపోయి ఇంజిన్ మీదే తిరగాల్సి వస్తుంది. అడుగున బురద, లంగరు బాగా పట్టుకుంటుంది. ఉత్తరం వైపు లోతు తక్కువ, పాటు వేళ జాగ్రత్త. అసలు బెడద జాలర్ల వలలది. ప్రొపెల్లర్‌కి వల చుట్టుకుంటే ఎవరో ఒకరు కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాల్సిందే. అందుకే ఇక్కడ చీకట్లో నడపకూడదు, పగలు కూడా ముందుభాగంలో ఒకరు కూర్చుని చూస్తూ ఉండాలి. పీ పీ దీవుల్లోని మాయా బేలోకి బోటుతో వెళ్దామనుకుంటే కుదరదు. 2018లో మూసి, 2022లో తెరిచినప్పటి నుంచి బోట్లని ఆ బేలోపలికి రానివ్వడం లేదు.

వర్జిన్ దీవులు, అమెరికాలో ఉన్నవాళ్ల కోసం

బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో పెద్దదైన టోర్టోలా చుట్టూ నీళ్లు కొత్తవాళ్లకి ఎంతో అనువైనవి. ఎదుటి దీవి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, తూర్పు గాలి నమ్మకంగా వీస్తుంది, బోయ్‌లు పుష్కలం. జూన్ నుంచి నవంబరు హరికేన్ కాలం. 2017 సెప్టెంబరులో ఇర్మా అక్కడి బోట్లని గుట్టలుగా పడేసింది. హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇది బ్రిటిష్ భూభాగం, వెళ్తే అమెరికా బయటికి వెళ్లినట్టే, తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో చెల్లే వీసా స్టాంప్ ఉండాలి. ఆ స్టాంప్ గడువు దాటినవాళ్లు పక్కనే అమెరికా భూభాగంలో ఉన్న సెయింట్ థామస్, సెయింట్ జాన్ చుట్టూ తిరిగే సంగతి అటార్నీతో మాట్లాడుకుని నిర్ణయించుకోండి.

ఎవరికి ఏది?

భార్యాభర్తలిద్దరే, ఒకరికే సెయిలింగ్ వస్తే: బోయ్‌లున్న తీరం. ఆస్ట్రేలియాలో ఉంటే విట్‌సండేస్, అమెరికాలో ఉంటే వర్జిన్ దీవులు.

నలుగురు స్నేహితులు, ఇద్దరికి కోర్సు అయి, ఇంకా నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే: అయోనియన్, మొదటిసారి ఫ్లొటిల్లాతో. వారంలో అక్కడ నేర్చుకునేది మరెక్కడా నేర్చుకోలేరు.

అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకెళ్తుంటే స్కిప్పర్‌ని పెట్టుకోండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. రోజు కూలీతోపాటు అతనికి భోజనం, పడుకోవడానికి గది ఇవ్వాలి, కాబట్టి ఒక గది తగ్గించి లెక్కేసుకోండి. బోటు కాటమరాన్ (రెండు పొట్టల బోటు) అయితే మేలు. అది పక్కకి ఒరగదు, పెద్దవాళ్లు నడవడానికి భయపడరు. అద్దె బాగా ఎక్కువ, వెడల్పు వల్ల మధ్యధరా మరీనాల్లో చోటు దొరకడం కష్టం. అందుకే కాటమరాన్‌కి ఫుకెట్ బాగా కుదురుతుంది. సెయిలింగ్ రుచి కావాలనుకునే కుర్రాళ్లు మాత్రం మోనోహల్లే (ఒకే పొట్ట ఉన్న మామూలు యాట్) తీసుకోండి. బోటు ఒరిగి పరిగెత్తే ఆ ఆనందం కాటమరాన్‌లో ఉండదు.

వంట సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మరీనాలో కరెంటు తగిలిస్తే తప్ప సాధారణంగా పనిచేయదు, చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి. పొయ్యి బోటుతోపాటు ఊగేలా ఉంటుంది, అయినా బోటు ఒరిగి నడుస్తున్నప్పుడు నూనె బాణలి పెట్టొద్దు. పొద్దునే పులిహోర కలిపి పెట్టుకుంటే మధ్యాహ్నం గాలి లేచాక ఎవరూ కింద వంటగదిలోకి దిగనక్కర్లేదు. కడుపులో తిప్పేది ఎక్కువగా అక్కడే. మంచినీటి ట్యాంక్ 300–500 లీటర్లు ఉంటుంది, మన అలవాటు ప్రకారం స్నానాలు చేస్తే ఆరుగురికి రెండు మూడు రోజులే వస్తుంది.

దారి గీసుకునేటప్పుడు ఏడు రోజుల అద్దెని ఏడు రోజులుగా లెక్కేయకండి. మధ్యధరాలో శనివారం సాయంత్రం బోటు చేతికి వస్తుంది, శుక్రవారం సాయంత్రానికే డీజిల్ నింపుకుని తిరిగి బేస్‌కి (బోటు అద్దెకిచ్చిన రేవుకి) చేరాలి. చేతిలో ఉండేది అయిదున్నర రోజులు. అందులో ఒక రోజు గాలి కోసం వదిలేయాలి. గాలికి ఎదురుగా వెళ్లాల్సిన దూరాలు మొదటి మూడు రోజుల్లో, తెల్లవారే లేచి పూర్తి చేయండి. వెనక గాలితో వచ్చే దారి చివరికి ఉంచుకుంటే, గురువారం ఫోర్‌కాస్ట్ పాడైనా ఒక్క పూటలో బేస్ చేరిపోతారు.